తరుగు రాసేవాడి మీద ఫిర్యాదు

ఫలానా వ్యక్తి తనతో తప్పుగా ప్రవర్తించాడని ఒక ఆడమనిషి చెప్పిందన్న మాట మా కావలి వైపు బయటికి పొక్కితే, అది నిజమా కాదా అన్న చర్చ టీ అంగళ్ల దాకా జోరుగా సాగుతున్నట్టే కనిపిస్తుంది. చెవి ఒగ్గి వింటే మాత్రం అక్కడ జరుగుతున్నది నిజానిజాల విచారణ కాదని, ఎవరి లెక్క వారు కట్టుకోవడమని అర్థమవుతుంది. ఆ వ్యక్తితో ఎవరికి ఏం పని ఉంది, ఎవరి అబ్బాయి ఉద్యోగం అతని సిఫారసు మీద నిలిచి ఉంది, బ్యాంకు అప్పుకు ఎవరి తరఫున అతను హామీ సంతకం పెట్టాడు, వచ్చే ఎన్నికల్లో అతని వీధి ఓట్లు ఎవరికి కావాలి అని లోలోపల కూడికలు, తీసివేతలు అన్నీ అయిన తరువాత, వచ్చిన మొత్తాన్ని "నేను నమ్మను" అనో "నాకు ముందే తెలుసు" అనో పైకి ప్రకటిస్తారు. అలా ప్రకటించేవారిలో దుర్మార్గులు తక్కువే. తమ మాట తమ అవసరం నుంచి పుట్టిందని వారిలో చాలామందికి తెలియదు కూడా.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత నేను ఇంటి దగ్గరే అర్జీలు రాసిపెడుతున్నాను. పింఛను ఆగిపోయినవారు, పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడినవారు, గట్టు తగాదాల వారు ఎక్కువగా వస్తారు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కనుక శని, ఆదివారాల్లో నా వరండాలో నలుగురు కూర్చునే ఉంటారు. అర్జీ రాసేవారికి ఒక వెసులుబాటు ఉంది. మనిషి ఏం చెప్పదలచుకున్నాడో, చివరికి కాగితం మీద ఏం మిగలనిస్తున్నాడో రెండూ కనిపిస్తాయి. కొన్నేళ్ల కిందట అలా కనిపించిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

ఆ అమ్మాయి తీరం వైపు ఉన్న ఒక రొయ్యల కర్మాగారంలో పీలింగు షెడ్డుకు పనికి వెళ్లేది. తెల్లవారకముందే, కూలీలను కుదిర్చే మేస్త్రి పంపిన ఆటో వీధి మొదట్లో ఆగుతుంది, ఆడవాళ్లు ఎక్కుతారు. ఐసులో ఉన్న రొయ్యల తల తీసి, పొట్టు ఒలిచి, టబ్బు నిండగానే కాటా దగ్గరికి మోసుకెళ్లాలి. అక్కడ కూర్చున్న సూపర్‌వైజరు తూకం చూసి, రొయ్యలతో పాటు వచ్చిన నీటికి కొంత తరుగు తీసేసి, మిగిలిన కిలోలను నోటు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా రాస్తాడు. కూలి ఆ కిలోల మీదనే. తరుగు ఎంత తీయాలన్నది ఎక్కడా రాసి ఉండదు, అది అతని కంటి అంచనా. టబ్బులో నీళ్లు ఎక్కువగా ఉన్నాయని అతనికి అనిపిస్తే ఉన్నట్టే. ఒక మనిషికి మరొక మనిషి మీద అధికారం అంటే ఏమిటో చెప్పడానికి ఆ కాటా దగ్గర ఒక్క పూట నిలబడి చూడడం చాలునని నాకు అనిపిస్తుంది. అక్కడ హోదా లేదు, చేతిలో బెత్తం లేదు, ఉన్నదల్లా ఒక బాల్ పెన్ను.

టబ్బు అందుకునేటప్పుడు చేయి తగిలించడంతో మొదలైంది. తరువాత ఫోన్లు, ఆ తరువాత ఐసు గది వైపు రమ్మని పిలవడం. ఆమె వెళ్లలేదు. ఆ వారం నుంచి ఆమె టబ్బులోనే నీళ్లు ఎక్కువయ్యాయి. పక్కనున్న వదిన టబ్బుకూ తన టబ్బుకూ తరుగులో తేడా ఎంత వస్తున్నదో ఆమె చేతి సంచిలోని చీటీ మీద రోజూ రాసుకుంది. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ చీటీ తెచ్చింది. అంత శుభ్రమైన సాక్ష్యం చదువుకున్నవారు కూడా సాధారణంగా తయారు చేసుకోరు.

వెంట అత్తగారు, తమ్ముడు వచ్చారు. అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించాను. అత్తగారు చేతులు అడ్డం పెట్టి, "ఆ చెయ్యి తగలడం, పిలవడం ఇయ్యన్నీ వద్దమ్మా, తూకం సంగతి రాయండి చాలు" అన్నారు. తమ్ముడు, "పేరు వద్దు మేడం, సూపర్‌వైజరు అని రాస్తే సరిపోద్ది" అన్నాడు. పేరు తీశాను. మరో వాక్యం తీశాను. ఇంకాసేపటికి సూపర్‌వైజరు అన్న మాట కూడా పోయి "కొందరు సిబ్బంది" వచ్చింది. చివరికి అది తూనికల్లో లోపాలను సరిదిద్దవలసిందిగా కోరుతున్న అర్జీ అయి కూర్చుంది. అంతసేపూ మాట్లాడకుండా ఉన్న ఆ అమ్మాయి అప్పుడు ఒకే మాట అడిగింది: "తరుగు ఎక్కువైందని రాసినప్పుడు, ఎందుకు ఎక్కువైందో కూడా రాయాల గదా?" అత్తగారు, "గమ్మునుండమ్మే, పోయేది మన పరువే" అన్నారు.

ఆవిడను తప్పుపట్టడం తేలిక. సంక్రాంతికి ముందు ఇంటి మరమ్మతుకని మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నది ఆ అత్తగారే, అది ఇంకా తీరలేదు. మేస్త్రికి కూలీలను పంపే గుత్త ఇచ్చింది కంపెనీ, ఆ గుత్త నిలవాలంటే సూపర్‌వైజరు పొసగాలి. కోడలికి జరిగింది అబద్ధమని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. తన చుట్టూ ఉన్న అప్పును బట్టి ఆ నిజంలో ఎంత భాగం బయటికి పోవచ్చో ఆవిడ కొలిచి చెప్పారు, అంతే. బాధితురాలు ఎందుకు ఆలస్యంగా చెప్పింది, ఎందుకు సగమే చెప్పింది, మొదట ఒక రకంగా చెప్పి తరువాత మరొక రకంగా ఎందుకు చెప్పింది అని ఎవరైనా గట్టిగా నిలదీస్తున్నప్పుడు, వారు ఎప్పుడూ ఒక అర్జీ ఇలా కుంచించుకుపోవడం చూసి ఉండరని అనుకుంటాను. కాగితం మీద కనిపించే పొంతన లేనితనంలో చాలా భాగం ఆమె కాక, ఆమె చుట్టూ ఉన్నవారు రాయించినదే.

అయినా సంగతి దాగలేదు. షెడ్డులో తెలిసింది, వీధిలో తెలిసింది. అప్పుడు వినిపించిన మాటల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి వెకిలి మాటలు కావు. వెకిలి మాటలు ఎక్కడైనా ఉంటాయి. ఆలోచించవలసింది మంచివారి మాటల గురించే. "ఆయన నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు, అట్టాంటి మనిషి కాదు" అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అన్నారు. షెడ్డులోనే పనిచేసే ఒక పెద్దామె, "నాతో ఏనాడూ అట్టా మాట్లాడలేదే" అన్నది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఉపాధ్యాయుడికి తెలిసినది గుడి కమిటీలో, పెళ్లి పందిట్లో కలిసే మనిషి. ఆయన కూలి ఆ మనిషి పెన్ను మీద ఆధారపడి లేదు. ఆ పెద్దామె కొడుకు పోలీసు శాఖలో హోంగార్డు. తనను ఏమీ చేయలేని వారితో ఒకలాగా, తిరిగి మాట్లాడగలవారితో మరొకలాగా ఉండే మనుషులను మనమందరం చూస్తూనే ఉంటాం. ఇంట్లో భార్యను కొట్టేవాడు ఆఫీసులో అధికారి ముందు తల వంచుకొని నిలబడితే, అతను శాంతస్వభావుడని ఎవరూ అనరు. ఈ ఒక్క విషయంలోనే మనకు జరిగిన మర్యాదను ఇంకొకరికి జరిగిన అమర్యాదకు జవాబుగా చూపిస్తాం.

ఈ తర్కం ఊళ్లోనే కాదు, న్యాయస్థానాల దాకా వెళ్లింది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ప్రభుత్వ కార్యకర్తగా పనిచేస్తున్న భంవరీ దేవి, తనకు అప్పగించిన పని ప్రకారం ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విముక్తులను చేసింది. పై కులాల పెద్దమనుషులు తక్కువ కులపు స్త్రీని ముట్టరన్న ధోరణి ఆ తీర్పులో ఉందని దేశమంతటా నిరసన వచ్చింది. "అట్టాంటి మనిషి కాదు" అన్న మా ఉపాధ్యాయుడి మాటకు అది కోర్టు భాషలో రూపం. అంతకు ముందే, 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త మరణం జరిగినప్పుడు, పోలీసుల వైపు నుంచి వచ్చిన సమర్థన ఆమె నడవడిక మంచిది కాదన్నదే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, కర్ణాటకలోని రాయచూరుకు మారిన కేసులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. మగవాడి మంచితనం గురించిన సాక్ష్యం, ఆడదాని చెడ్డతనం గురించిన సాక్ష్యం ఒకే సంచిలోంచి వస్తాయి. రెండింటికీ జరిగిన సంఘటనతో సంబంధం ఉండదు.

భంవరీ దేవి తరఫున మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లినందువల్ల 1997 ఆగస్టులో, పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి (విశాఖ అన్నది కోర్టుకు వెళ్లిన ఒక సంఘం పేరు), వాటి నుంచి అదే విషయం మీద 2013 చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం మా షెడ్డు అమ్మాయి పరిస్థితి ఏమిటని చూస్తే, చదవడానికి చాలా బాగుంటుంది. మేస్త్రి ద్వారా వచ్చినా, రోజు కూలి అయినా ఆమె ఉద్యోగినే. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఇటువంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, స్త్రీల సమస్యల మీద పనిచేసే బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆమె రాయలేకపోతే రాతలో సాయం చేయడం కూడా కమిటీ బాధ్యతే, అంటే నా వరండాలో జరిగిన పని నిజానికి అక్కడ జరగాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఈలోగా ఆమె కోరితే అతన్ని గాని ఆమెను గాని వేరే చోటికి మార్చాలని, లేదా ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వాలని కమిటీ సూచించవచ్చు. పదిమంది కన్న తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదనే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇదంతా కాక పోలీసు కేసు వేరే దారి. 2024 జూలై నుంచి అది, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 75వ సెక్షను కింద నడుస్తుంది.

అసలు కీలు ఎక్కడ ఊడిందంటే, ఆ కమిటీ అధ్యక్షురాలికి జీతం ఇచ్చేది కూడా ఆ యజమానే. చట్టం రాసినవారికి ఈ సంగతి తెలియక కాదు, అందుకే బయటి సభ్యురాలిని పెట్టారు. ఆ బయటి సభ్యురాలిని ఎంపిక చేసేది మళ్లీ యజమానే. కమిటీ వేయకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా ఉండవచ్చు. కంటైనర్ల లెక్కన సరుకు సముద్రం దాటించే కంపెనీకి అది ఎంత మొత్తమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకూ మా షెడ్డు అమ్మాయిని ఎవరూ పనిలోంచి తీసేయలేదు. కంపెనీవారు "ఇబ్బంది లేకుండా" ఆ సూపర్‌వైజరును మరొక షెడ్డుకు మార్చారు. తమ దృష్టిలో చర్య తీసుకున్నట్టే. ఆమె విషయంలో జరిగింది ఇంకా సులభం. ఒక సోమవారం తెల్లవారుజామున మేస్త్రి ఆటో వీధి మొదట్లో ఆగలేదు. మంగళవారం కూడా ఆగలేదు. తీసేసినట్టు కాగితం లేదు, కాబట్టి ఎవరి దగ్గరా సవాలు చేయడానికి ఏమీ లేదు. మేస్త్రిని అడిగితే "సరుకు తక్కువగా ఉంది" అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆటో నిండుగా పోయింది.

తరువాత పెద్దమనుషులు వచ్చారు. మా వైపు పంచాయితీ చేసే మనిషికి ఇరుపక్షాలూ కావలసినవారే అని చెబుతారు, కానీ ఒక పక్షంతో అతనికి చేపల చెరువు లీజు ఉంటుంది, రెండో పక్షంతో పలకరింపు మాత్రమే ఉంటుంది. "ఒక చేత్తో చప్పట్లు మోగవు గదమ్మా" అన్నారు, పెళ్లి కావలసిన చెల్లెలు ఉన్న సంగతి గుర్తు చేశారు, ఎంతో కొంత ఇప్పిస్తామన్నారు. 2013 చట్టం కూడా రాజీకి చోటిచ్చింది గాని, ఆ రాజీని బాధితురాలే కోరాలని, దానికి డబ్బు ఆధారం కాకూడదని స్పష్టంగా చెప్పింది. మా పెద్దమనుషుల పద్ధతి సరిగ్గా దీనికి తలకిందులు: అడిగేది వారు, ఆధారం డబ్బు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు, బెయిలు కావాలంటే బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న మధ్యప్రదేశ్ హైకోర్టు షరతును కొట్టివేస్తూ, ఇటువంటి కేసుల్లో న్యాయమూర్తులు రాజీని సూచించనే కూడదని చెప్పింది. 2024 నవంబరులో రాజస్థాన్ కేసు ఒకటి వచ్చింది. విద్యార్థినితో తప్పుగా ప్రవర్తించాడన్న ఆరోపణ ఉన్న ఉపాధ్యాయుడు ఆమె తండ్రితో రాజీ కుదుర్చుకున్నాడని అక్కడి హైకోర్టు కేసు కొట్టేస్తే, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి కేసును మళ్లీ నిలబెట్టింది. హైకోర్టులకే ఇంత చెప్పవలసి వస్తే, రచ్చబండకు ఎవరు చెప్పాలి?

నిందితుడు బలహీనుడైతే ఊరు ఎలా ప్రవర్తిస్తుందో చూడకపోతే ఈ లెక్క పూర్తి కాదు. ఇదే వీధిలో, ఇవే నోళ్లు, ఆరోపణ ఎదుర్కొన్నవాడు ఆటో తోలే కుర్రవాడో, పక్క కాలనీ నుంచి పనికి వచ్చే దళిత యువకుడో అయితే సాక్ష్యం అడగవు. "తొందరపడి ఎవరి జీవితమూ పాడు చేయకూడదు" అన్న జాగ్రత్త అప్పుడు గుర్తుకు రాదు, పోలీసులు వచ్చేలోపే కరెంటు స్తంభానికి కట్టేసి కొడతారు. అందుకే ఆడవారి మాట నమ్మాలా వద్దా అన్న ప్రశ్న నాకు అంతగా పనికొచ్చేదిగా కనిపించదు. ఊరు ఆడదాన్ని నమ్మడం, నమ్మకపోవడం అన్నది ఆమె చెప్పినదాన్ని బట్టి కాక, ఆమె ఎవరి పేరు చెప్పిందన్నదాన్ని బట్టి ఉంటున్నప్పుడు, మనం కోరవలసింది ఆ పేరు ఏదైనా ఒకేలా నడిచే విచారణ.

ఆ విచారణ నిందితుడికి కూడా సరిగ్గా జరగాలి. గోవా విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడి మీద విద్యార్థినులు చేసిన ఫిర్యాదుల కేసులో, కమిటీ తొందరపడి అతనికి తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వలేదని 2023 మేలో సుప్రీంకోర్టు ఏళ్ల కిందటి చర్యను పక్కన పెట్టి, విచారణను మళ్లీ కమిటీకే పంపింది. చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని అన్నది కూడా ఆ తీర్పులోనే. ఆ హడావిడి వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరని ఆలోచిస్తే, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చిన ఆ అమ్మాయిలే. ఇక అబద్ధపు ఫిర్యాదుల గురించి మగవారు అడిగే ప్రశ్నకు చట్టంలోనే జవాబు ఉంది: దురుద్దేశంతో చేసిన అబద్ధపు ఫిర్యాదుకు చర్య ఉంటుంది, కానీ రుజువు చేయలేకపోవడం ఒక్కటే దాన్ని అబద్ధం చేయదు. ఈ రెండో సగాన్ని చెప్పేవారు అరుదు.

షెడ్డులో ఆ తరువాత జరిగింది మా జిల్లా తరహాలోనే జరిగింది. కలిగిరి మండలంలోని దూబగుంట ఇక్కడికి దూరం కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా అంగడిని మూయించడానికి కదిలితే, అది జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. తాగివచ్చి కొట్టాడని ఒక్క ఆడమనిషి చెప్పినంతకాలం అది మొగుడూ పెళ్లాల గొడవ, ఊరంతా ఒక్కసారి చెప్పాకనే ప్రభుత్వానికి వినబడింది. మా షెడ్డు ఆడవాళ్లకు ఆ కథ అమ్మల ద్వారా తెలుసో లేదో నేను అడగలేదు. ఆ చీటీ మాత్రం చేతులు మారింది. తరుగు తేడాలు తమకూ ఉన్నాయని మిగిలినవారు తమ తమ లెక్కలు చూసుకున్నాక, మరుసటి సీజనులో ఒక ఉదయం ఎవరూ టబ్బు కాటా దగ్గరికి తీసుకుపోలేదు. తూకం పైకి చదవాలి, తరుగు ఎంతో చీటీ మీద రాసి చేతికివ్వాలి, కాటా దగ్గర ఒక ఆడమనిషి కూడా ఉండాలి అని అడిగారు. రొయ్య ఐసులో ఎంతోసేపు ఆగదు. ఆ ఒక్క విషయంలో బలం వారి వైపు ఉంది. మధ్యాహ్నం లోపే కంపెనీ ఒప్పుకుంది.

లైంగిక వేధింపు అన్న మాట ఆ రోజు కూడా ఎవరూ పలకలేదు. అయినా ఆ షెడ్డులో పెన్ను ఎవడు పట్టుకున్నా అతనికి ఒంటరిగా అంచనా వేసే అవకాశం పోయింది కనుక, అతను బెదిరించడానికి ఆధారమైన వస్తువే చేజారింది. ఆ అమ్మాయి మాత్రం తిరిగి అక్కడికి వెళ్లలేదు. ఇప్పుడు పొగాకు గ్రేడింగుకు వెళుతోంది, అక్కడ తూకం లేదు, రోజు కూలి. ఆ సూపర్‌వైజరు రెండో షెడ్డులో అదే పనిలో ఉన్నాడు.

గత ఏడాది ఆ రెండో షెడ్డు ఆడవాళ్లు ముగ్గురు, కమిటీ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని చట్టంలో ఉందట గదా అని వచ్చి అడిగారు. అర్జీ రాసిచ్చాను, ఈసారి ఏ వాక్యమూ తీయమనలేదు. కొన్నాళ్లకు గేటు పక్కన బోర్డు పెట్టారని ఫోనులో ఫోటో తెచ్చి చూపించారు. పేర్లన్నీ సరిగానే ఉన్నాయి, ఫోను నంబర్లు కూడా ఉన్నాయి. బయటి సభ్యురాలిగా ఉన్నది ఆ కంపెనీ ఆడిటరు గారి భార్య. ఆ నియామకాన్ని మార్చాలని కోరుతూ జిల్లా అధికారికి ఇవ్వవలసిన అర్జీ ఇప్పుడు బల్ల మీద ఉంది, రెండు షెడ్ల వారూ సంతకాలు పెడతామన్నారు.